పెడచెవి

స్టూడియోలో నన్ను పెదాలమ్మ అంటారు. ఆ పేరు పెట్టినవాడెవడో కానీ వాడి నోట్లో చక్కెర పొయ్య, నా అసలు పేరు కంటే అదే బాగుంది. నా పని పెదాలు చూడటం. తెర మీద ఎవరో ఏదో పరాయి భాషలో మాట్లాడుతుంటారు. వాళ్ళ పెదాలు ఎక్కడ మూసుకున్నాయో, ఎక్కడ విచ్చుకున్నాయో చూసి, అక్కడ అతికే మన మాట రాసిస్తాను. ఇరవై ఆరేళ్ళుగా ఇదే బతుకు. దొంగల చేత నీతులు పలికించాను, ముసలి రాజుల చేత సరసాలు ఆడించాను. ఎవరి నోట్లో ఏ మాటైనా పెట్టగలనని కాస్త పొగరు కూడా ఉండేది. ఉండేది అంటున్నాను, గమనించండి.

ఈ పనికి మొదటి పాఠం ఒకటుంది. అద్దం ముందు నిలబడి, గొంతు ఎత్తకుండా ‘మామ’ అనండి. తర్వాత ‘పాప’ అనండి. ఆ తర్వాత ‘బాబా’ అనండి. చూశారా? మూడూ ఒకటే. ప, బ, మ ఈ మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుంటాయి. కంటికి తేడా తెలియదు, చెవి చెప్పాల్సిందే. ఈ పాఠం నాకు ఏ స్టూడియోలోనూ ఎవరూ నేర్పలేదు. నా ఆరో ఏట మా అన్నయ్య నేర్పాడు.

వాడు నాకంటే మూడేళ్ళు పెద్ద. అయినా కోపమొచ్చినా వాడనే అంటాను, ప్రేమొచ్చినా వాడనే అంటాను. తొమ్మిదో ఏట పెద్ద జ్వరమొచ్చి, తగ్గుతూ తగ్గుతూ వాడి ఎడమ చెవిని పట్టుకుపోయింది. ఆ సంగతి అమ్మకి తెలుసు, నాకు తెలుసు. నాన్న చెవిన కూడా వెయ్యొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. పిల్లాడికి లోపముందని ముద్ర పడితే బతుకంతా అదే పేరవుతుందని ఆవిడ భయం. వాడు ఎదుటివాళ్ళ పెదాలు చూసి సగం, కుడి చెవితో సగం వినేవాడు. రెండూ కుదరనప్పుడు నోరు కాస్త తెరిచి, మెడ ముందుకు పెట్టి, “ఆఁ?” అనేవాడు.

రోజుకి వందసార్లు ఆఁ, ఆఁ, ఆఁ. నాకు ఒళ్ళు మండిపోయేది. “చెవిటి మాలోకమా! ఎన్నిసార్లు చెప్పాలిరా?” అని అరిచేదాన్ని. వాడు నవ్వేవాడు. తర్వాత ఇద్దరం కలిసి ఒక ఆట కనిపెట్టాం, పెదాలాట. గదికి ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు కూర్చుని గొంతు లేకుండా మాట్లాడుకోవాలి. ఓడిపోయినవాళ్ళు మంచినీళ్ళు తెచ్చివ్వాలి. నేను ‘పాప’ అంటే వాడు ‘మామ’ అనేవాడు, ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. వాడి కోసం నేర్చుకున్న ఆటే నాకు కూడు పెట్టింది. ఇప్పటికీ ఎవరితో నడిచినా నేను వాళ్ళ కుడివైపే నడుస్తాను. మా ఆయన మొదట్లో ఇదేదో ఆనవాయితీ అనుకున్నాడు పాపం.

వాడు పెద్దవాడై సర్కారు కొలువులో చేరాడు. వైద్య పరీక్షలో డాక్టరు పెదాలు చూసి గట్టెక్కానని నాకొక్కదానికే చెప్పాడు. తెలివైనవాడు, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, నోరు జారడు. అలా అలా వెళ్ళి పెద్దాయనకి సెక్రటరీ అయ్యాడు. పెద్దాయన అంటే ఆ రోజుల్లో అధికారమంతా గుప్పిట్లో పెట్టుకున్న మనిషి. ఆయన కనుబొమ్మ కదిలితే ఆఫీసులు కదిలేవి. అన్నయ్య ఇరవై ఏళ్ళు ఆయనకి ఎడమ పక్కనే నిలబడ్డాడు. వినయం అనుకున్నారందరూ. తన కుడి చెవి ఆయన వైపుండాలని నిలబడ్డాడని నాకు మాత్రమే తెలుసు.

ఇక ఆ సంగతి. మూతపడిన మిల్లు వెనక కార్మికుల ఇళ్ళ వరస ఉండేది. ఖాళీ చెయ్యమన్నారు, గడువు పెట్టారు, సందు మొదట్లో బుల్డోజర్లు నిలబెట్టారు. గడువు రోజు మధ్యాహ్నం, ఇంకా కొందరు లోపలే ఉన్నారని కబురొచ్చింది. ఆ కబురు కాగితం మీద రాసుకుని అన్నయ్య ఆఫీసు బాల్కనీలోకి వెళ్ళాడు. పెద్దాయన అక్కడ కింద జనానికి చెయ్యూపుతున్నాడు. ఆయన ఒక్క మాట అన్నాడు. అన్నయ్య లోపలికొచ్చి ఫోను చేశాడు. బుల్డోజర్లు కదిలాయి. ఆరుగురు పోయారు.

విచారణలో పెద్దాయన ఏమన్నాడంటే, “నేను ఆపమన్నాను. నా మాట పెడచెవిన పెట్టాడు.” అన్నయ్య ఏమన్నాడంటే, “పంపమని ఫోన్లో చెప్పింది నేనే. తప్పు నాది.” అంతే, మళ్ళీ పెదవి విప్పలేదు.

నేను నమ్మితే ఒట్టు. నా అన్నయ్య చీమని చూసి పక్కకి తప్పుకునే రకం. పంపమన్నది పెద్దాయనే, ఆయన్ని కాపాడటానికి వీడు నెత్తిన వేసుకుంటున్నాడు, ఇరవై ఏళ్ళ ఊడిగం తలకెక్కింది అనుకున్నాను. విచారణ హాలు మెట్ల మీద, అందరూ చూస్తుండగా, నోరు పారేసుకున్నాను. “ఆయన కోసం అబద్ధమాడిన ఆ నోటితో ఇంక నన్ను చెల్లీ అని పిలవకు” అన్నాను. వాడి కుడివైపు నిలబడి మరీ అన్నాను, స్పష్టంగా వినపడాలని.

వినపడింది. రెండేళ్ళు శిక్ష అనుభవించి, వేరే ఊళ్ళో ఏదో ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనికి కుదిరాడని తెలిసింది. చెవితో పని లేని ఉద్యోగం. నా గడప తొక్కలేదు. ఒక్కసారి మాత్రం ఫోను చేశాడు. నేను ఎత్తాను. అటు ఊపిరి వినపడగానే ఎవరో తెలిసింది. మాట రాలేదు. కాసేపటికి అటునుంచి, “ఆఁ?” అన్నాడు. నేనేదో అన్నాననీ, తనకే వినపడలేదనీ అనుకున్నాడు. పెట్టేశాను. ఎందుకు పెట్టేశానని అడక్కండి. పొగరు, ఏడుపు, సిగ్గు, ఏదో ఒకటి. ఆ ‘ఆఁ’ని తలుచుకోని రోజు లేదు. ఒకప్పుడు వినలేక చచ్చినదాన్ని, అదొక్కటి మళ్ళీ విందామని పదకొండేళ్ళు చెవి కోసుకున్నాను.

అలాంటిది, ఒకరోజు పొద్దున్నే డైరెక్టరు పిలిపించాడు.

కుర్రాడే, ముప్పై అయిదుంటాయి. పెద్దాయన కథే సినిమాగా తీస్తున్నాడు. పేర్లు మార్చారు, చొక్కాల రంగు మార్చారు, మిగతాదంతా తెలిసిన బాగోతమే: అధికారం, మోసం, ఎవరి చేతికి మసి అంటిందో తెలియని కథ. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి, పెద్దాయన మళ్ళీ గద్దెనెక్కాలని చూస్తున్నాడు, సినిమా వెనక ఉన్నది ఆయన మనుషులేనని స్టూడియోలో కాఫీ కలిపేవాడికి కూడా తెలుసు. వాళ్ళ తరఫున ఒకాయన రోజూ వచ్చి చంకలో ఫైలుతో వెనక సోఫాలో కూర్చుంటాడు. ఆ ఫైలు ఎవరూ తెరవగా చూడలేదు. ఆయన్ని ఫైలు అనే పిలుస్తాం, ఎదురుగా కాదు లెండి.

ఎడిటింగు గదిలో ఏసీ కారుతోంది, కింద ఆకుపచ్చ బకెట్టు. సౌండు చూసే ఆయన కూడా ఉన్నాడు. ఆయన్ని స్టూడియో అంతా బావగారూ అంటుంది, ఎవరికి బావో ఎవరికీ తెలియదు.

“మేడమ్, ఒక ముక్క దొరికింది,” అన్నాడు డైరెక్టరు. “ఒక పాత కెమెరామెన్ ట్రంకు పెట్టెలో పడుంది. ఆ రోజు కింద రోడ్డు మీదినుంచి తీసింది. ఇన్నేళ్ళలో ఎవరూ చూళ్ళేదు. సౌండు లేదు. సినిమా చివర్లో యాక్టర్లని పక్కనపెట్టి ఈ అసలు బొమ్మే వేస్తాను. దీనికి మాటలు కావాలి.”

“ఏం మాటలు?”

సోఫాలోంచి ఫైలు జవాబిచ్చాడు. “పెద్దాయన నోట్లో ‘ఆపమను’. పక్కనున్న సెక్రటరీ నోట్లో ‘అలాగేనండి’. అంతేనమ్మా, రెండే మాటలు.”

రెండే మాటలు! ఆ రెండూ అతికితే, నా అన్నయ్య ఆపమన్న మాట చక్కగా విని, అలాగేనని తలూపి, లోపలికెళ్ళి బుల్డోజర్లు పంపినవాడవుతాడు. తెలిసి తెలిసి ఆరుగురిని చంపినవాడు. ఊరూరా తెర మీద, నా చేత్తో అతికించిన మాటతో. నేను వాడి చెల్లెలినని అక్కడ ఎవరికీ తెలియదనుకున్నాను. పెళ్ళితో ఇంటిపేరు మారింది. లేచి వచ్చేద్దామనుకుంటుండగానే బావగారు బొమ్మ వేశాడు.

పద్నాలుగు సెకన్లు. బాల్కనీ, కమ్మీలకి కట్టిన మైకుల బూరలు, పెద్దాయన చెయ్యి గాల్లో. తలుపులోంచి చేతిలో కాగితంతో అన్నయ్య వచ్చాడు.

నీలం చొక్కా. మెడ దగ్గర గుండీ ఊడిపోతే నేనే కుట్టాను, నీలం దారం లేక నల్లదారంతో. జుట్టు ఇంకా నల్లగా ఉంది. నుదుటి మీద చెమట. పదకొండేళ్ళ తర్వాత చూడటం! “ఇంకోసారి వెయ్యి,” అన్నాను. వేశాడు. “ఇంకోసారి.” అలా ఏడెనిమిదిసార్లు వేయించుకున్నాను. పెదాలు చూస్తున్నానని వాళ్ళు కదలకుండా కూర్చున్నారు. నేను చూస్తున్నది వాడు నడిచి వచ్చే తీరు, అంతే. తలుపు దగ్గరే ఆగి, చొక్కా కిందికి లాక్కుని అడుగేస్తాడు. చిన్నప్పుడూ అంతే.

ఆ తర్వాత గుండె రాయి చేసుకుని పనిలో పడ్డాను. పెద్దాయన పెదాలు. నాకు కావల్సింది ‘పంపమను’. అది దొరికితే అన్నయ్య గెలుస్తాడు, నేను గెలుస్తాను, పదకొండేళ్ళ నా కోపానికి అర్థం దొరుకుతుంది. నెమ్మదిగా తిప్పించాను. మూసిన నోరు విచ్చుకుంది, మూసుకుంది, విచ్చుకుంది, మళ్ళీ మూసుకుంది, చివర సున్నాలా చుట్టుకుంది. పంపమను! సరిగ్గా అతికింది. ఎగిరి గంతెయ్యబోయాను.

అలవాటు చెడ్డది కదా. రెండో మాట కూడా పెట్టి చూశాను. ఆపమను. మూసిన నోరు విచ్చుకుంది, మూసుకుంది, విచ్చుకుంది, మూసుకుంది, చుట్టుకుంది. అదీ అతికింది. ఊరికే ఉన్న నోరు ఎలాగూ మూసుకునే ఉంటుంది, అందులో ‘ప’ మొదలైందో లేదో ఎవడు చూశాడు? ‘ఆ’ దీర్ఘం కదా అంటారేమో. జనం అరుస్తుంటే, విసుగులో ఉన్న మనిషి దీర్ఘాలూ హ్రస్వాలూ పాటిస్తాడా? వందసార్లు చూశాను. రెండూ అతుకుతున్నాయి. నీరుగారిపోయాను.

అప్పుడు వాడి పెదాలు చూశాను. పెద్దాయన మాట అయిపోయింది. అన్నయ్య మెడ కాస్త ముందుకొచ్చింది. నోరు కొంచెం తెరుచుకుంది. అక్కడే ఒక క్షణం ఆగింది. మళ్ళీ మూసుకుంది. తలొంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మెడ, ఆ నోరు నాకు తెలుసు. వందసార్లు, వెయ్యిసార్లు తెలుసు. “ఎటు నిలబడ్డాడు?” అన్నాను పైకే. బాల్కనీ తలుపు పెద్దాయనకి కుడి చివరన ఉంది, వాడు ఎప్పుడూ నిలబడే ఎడమ పక్కన మైకుల బూర కట్టేశారు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి పెద్దాయన మా అన్నయ్యకి ఎడమవైపు ఉన్నాడు.

వాడికి వినపడలేదు.

వాడికి అసలు వినపడనే లేదు. నా మాట పెడచెవిన పెట్టాడని పెద్దాయన అన్నది అక్షరాలా నిజం, ఆయనకే తెలియని నిజం. అబద్ధాలకోరని నేను మెట్ల మీద నిలబెట్టి తిట్టినవాడు అబద్ధం ఆడలేదు. నోట్లో చీర కొంగు కుక్కుకుని కూర్చున్నాను.

ఫైలు భోజనానికి లేచాక, “‘అలాగేనండి’ అతకదు,” అన్నాను డైరెక్టరుతో. “ఆ నోరు ఒక్కసారి తెరుచుకుని మూసుకుంది. మీ మాటకి అయిదక్షరాలు కావాలి. అక్కడ ఒక్కదానికే చోటుంది.”

“మీరు ఒప్పుకోరని తెలుసు మేడమ్. ఆయన మీ అన్నయ్యని కూడా తెలుసు. తెలిసే పిలిచాను.”

తల కొట్టేసినట్టయింది. “నా చెవిలో పువ్వులు పెట్టడానికా పిలిచావు?”

“ఇంకెవరైనా అయితే ఫైలు చెప్పింది రాసిచ్చి వెళ్ళిపోతారు. మీరైతే అతకదంటారు. పెదాలమ్మే అతకదంటే నేనూ చేతులెత్తేసి చూపించచ్చు.” గోళ్ళు కొరుక్కుంటూ అన్నాడు. “వాళ్ళ అండతోనే ఈ సినిమా తీస్తున్నాను, కాదనను. కానీ మొత్తం వాళ్ళ మాటే పలికించడం నాకూ ఇష్టం లేదు. ఆ నోట్లో ఏముందో చెప్పగలిగింది ఒక్కరే. గురువారం పొద్దున ఆయన్నే రమ్మన్నాను. తన గొంతు తనే చెప్తారు.”

“ఎవరు పిలిచినా రాడు వాడు.”

“మీరు రమ్మన్నారని చెప్పాను.”

చెయ్యి లేచింది, నిజం చెప్తున్నాను. చెంప పగలగొట్టేదాన్నే. ఆ కుర్రాడు కదల్లేదు. “అబద్ధమా మేడమ్ అది?” అన్నాడు మెల్లగా.

రమ్మని అనలేదు నిజమే. పదకొండేళ్ళుగా అనుకోని పూట లేదు. అది అబద్ధమో కాదో మీరే తేల్చండి, నా వల్ల కాలేదు.

గురువారం పదిన్నరకి వచ్చాడు. నేను ఎదురెళ్ళలేదు. కంట్రోలు గదిలో, అద్దం వెనక, బావగారి పక్కన కూర్చున్నాను. అద్దానికి అవతల రికార్డింగు గదిలో దీపాలు వెలుగుతున్నాయి, మా వైపు చీకటి. మాకు వాడు కనిపిస్తాడు, వాడికి మేం కనపడం. తలుపు దగ్గర ఆగి, చొక్కా కిందికి లాక్కుని, అడుగేశాడు.

తెల్లజుట్టు. కళ్ళజోడుకి తాడు. ప్రూఫులు దిద్దీ దిద్దీ వేలి మీద ఎర్ర సిరా. ఎంత చిక్కిపోయాడో! కళ్ళు చిట్లించి అద్దంలోకి చూశాడు. నా పెదాలు కనపడక వెతుక్కుంటున్నాడు. బావగారు హెడ్‌ఫోన్స్ పెట్టుకోమని సైగ చేయించాడు.

“బావగారూ, నా గొంతు కుడివైపుకే పంపు. మొత్తం కుడికే.”

ఎందుకని అడగలేదు ఆయన. ఏదో తిప్పాడు. ముందు ఆ పద్నాలుగు సెకన్లూ అన్నయ్యకి చూపించారు. కుర్చీ చెయ్యి పట్టుకుని చూశాడు. అయిపోయాక నేను మీట నొక్కాను.

“నేనే,” అన్నాను.

వాడి మొహంలో ఏం కదిలిందో నేను రాయలేను. చెయ్యి ఎత్తి కుడి చెవి మీద హెడ్‌ఫోన్ని అదుముకున్నాడు.

“ఏమన్నాడు అన్నయ్యా ఆయన?”

“తెలీదే.” గొంతు ముసలిదైపోయింది. “మైకులు మోగుతున్నాయి. ఆయన ఎడం పక్కకొచ్చాడు. పెదాలు చూశాను. పంపమను అన్నట్టుంది. ఆపమను అన్నట్టూ ఉంది. నీకు తెలుసుగా, రెండూ ఒకటే.”

“మళ్ళీ అడగాల్సింది.”

“అడగబోయాను. నోరు తెరిచాను, చూశావుగా. అడిగితే ఆయన తిరిగి చూసేవాడు, అందరూ చూసేవాళ్ళు. ఇన్నేళ్ళు దాచింది ఒక్క ముక్కతో బయటపడేది. చెవిటోడు సెక్రటరీ ఏంటి అనేవాళ్ళు. నోరు మూసుకున్నాను.”

“మరి పంపమని ఎందుకు చెప్పావురా?”

“ఆయన ఎప్పుడూ అనేది అదేగా అనుకున్నాను. ఆపమను అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.” కళ్ళజోడు సర్దుకున్నాడు. “ఆ ఒక్కసారి అన్నాడేమో. అనలేదేమో. ఆయనకైనా గుర్తుందో లేదో.”

“విచారణలో అదే చెప్పి ఉండచ్చుగా? వినపడలేదని!”

“చెవి మీదకి తోసెయ్యమంటావా? చెవిదేం తప్పే. సిగ్గుపడింది నేను. నేను సిగ్గుపడ్డ ఆ ఒక్క క్షణానికి ఆరుగురు పోయారు.” అద్దంలోకి చూస్తూ అన్నాడు, “నేను అబద్ధం చెప్పలేదే చెల్లీ.”

చెల్లీ అన్నాడు. అనొద్దని నేను చెప్పిన మాట. నేను మీట మీద వేలు తీసి, టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. బావగారు అటు తిరిగి ఏవో తీగలు సర్దుతూ కూర్చున్నాడు. తగ్గాక మళ్ళీ మీట నొక్కి, “తప్పు నాదిరా. నువ్వు చెప్పింది నేను వినలేదు. నాకు రెండు చెవులూ బాగుండి కూడా వినలేదు,” అన్నాను. వాడు తలూపాడు. పోనీలే అనలేదు. అంత తేలిగ్గా పోయేది కాదని ఇద్దరికీ తెలుసు.

తర్వాత పని. ఆ తెరుచుకున్న నోట్లో, ఆ రోజు వాడు మింగేసిన ముక్కని పలకమన్నాం. బొమ్మ వచ్చింది. వాడి మెడ తెర మీద ముందుకొచ్చింది, మైకు ముందు కూడా ముందుకొచ్చింది. “ఆఁ?” మొదటిసారే అతికింది. ఇరవై ఆరేళ్ళలో అంత చక్కగా అతికిన మాట నేను చూడలేదు.

సినిమా ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత చెప్పే ఓపిక ఉండదు. పెద్దాయన మాటని మైకుల హోరులో కలిపేసి, ఆపమనో పంపమనో తేలకుండా వదిలేద్దామని నేనూ డైరెక్టరూ చూశాం. ఫైలు ఒప్పుకోలేదు. ఎవరో గంభీరమైన గొంతుగలాయన్ని తెచ్చి ‘ఆపమను’ అని గంటకొట్టినట్టు చెప్పించారు. డైరెక్టరు తలొంచుకున్నాడు. కానీ మా వాడి ‘ఆఁ’ జోలికి మాత్రం రాలేదు. అదేదో ఊరికే మూలుగనుకున్నాడు ఫైలు. ‘అలాగేనండి’ అతకలేదుగా, ఏదో ఒకటి ఉండనీ అన్నాడు. హాల్లో నేను చూసిన ఆటలో, నా వెనక వరసలో ఒకావిడ పక్కనున్న భర్తని అడిగింది, “అదేంటండీ, ఆయనకి వినపడలేదా ఏంటి?” అని. ఆయన ఏదో అన్నాడు. ఇంకెవరో ష్ అన్నారు. నాకు అది చాలు. పెద్దాయన గెలిచాడో ఓడాడో మీకు తెలిసిందే, నన్నడక్కండి.

ఆ గురువారం దగ్గరికి వస్తాను. పని అయిపోయింది. అన్నయ్య హెడ్‌ఫోన్స్ తియ్యబోయాడు. తీసేస్తే వెళ్ళిపోతాడు. మధ్యాహ్నం బస్సుంది వాడికి, ప్రెస్సుకి వెళ్ళాలి. నాకు భయమేసింది. ఇంకో పదకొండేళ్ళు ఇలా దూరంగా ఉండటానికి ఇద్దరికీ వయసు లేదు. మీట నొక్కాను.

“ఇంటికి రా అన్నయ్యా.”

చేతులు హెడ్‌ఫోన్స్ మీదే ఆగిపోయాయి. చీకటి అద్దంలోకి చూశాడు. మెడ కాస్త ముందుకొచ్చింది.

“ఆఁ?”

“వినపడలేదా? లెవెల్ బాగానే ఉందే,” అని బావగారు మీటల మీదకి వంగాడు.

“ముట్టుకోకు బావగారూ,” అన్నాను. “ఇంటికి రా, అన్నాను.”

“ఆఁ?”

పెదవి చివర వణుకుతోంది. కళ్ళజోడు వెనక నీళ్ళు. అప్పుడు అర్థమైంది నాకు. నా గొంతు కూడా నా మాట వినలేదు, అరిచేశాను. “చెవిటి మాలోకమా! ఇంటికి రమ్మంటున్నానురా, ఎన్నిసార్లు చెప్పాలి?”

వాడు నవ్వాడు. చిన్నప్పటి నవ్వు, ఆ ముసలి మొహం మీద.

“మొదటిసారే వినపడింది చెల్లీ,” అన్నాడు. “ఇంకోసారి అను.”

అన్నాను.